కుమారి మధులిక గొంతు

మైకును చూసి శంకరమ్మకు నవ్వొచ్చింది. కట్టెకు నల్లగుండు తొడిగినట్టున్న దాని ముందల నిలవడి ఎవల్ని ఎక్కిరించాలె?

"ఇగ మొదలుపెట్టక్కా," అన్నడు రాజనర్సు అద్దం అవతలి నుంచి.

నిజామాబాద్ బస్టాండ్ ఎదురుంగ కేసెట్ల దుకాణం రాజనర్సుది. దుకాణం వెనకున్న అర్ర గోడలకు పాత పరుపులు కొట్టి, సందు దొరికిన కాడల్లా కోడిగుడ్ల అట్టలు అతికిచ్చి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నడు. ఊరందరు హైదరాబాద్ నుంచి వచ్చిన సినిమా కేసెట్లు అమ్ముకుంటుంటే ఈయన మాత్రం సొంతంగ కేసెట్లు తీస్తడు. అందుకనే నడిచేటప్పుడు కొంచెం ఛాతి ముందుకేసి నడుస్తడు. సంక్రాంతికి ఒకటి, బతుకమ్మకు ఒకటి, జాతరకు ఒకటి, ఏ సీజన్‌కు ఆ సీజన్ కొత్త రిలీజు. ఇప్పుడు మాఘమాసం ముహూర్తాలు మీదికొస్తున్నయి కాబట్టి పెండ్లి పాటలు.

మొన్న ఆయన మేనల్లునికి వర్ని ఊరి పిల్లను ఖాయం చేసుకున్న నాడు, పిల్ల చిన్నమ్మ లేచి మగపెండ్లోళ్లను ఒక్కొక్కల్ని పేరు పెట్టి పిలిచి, పాటతోని ఉతికి ఆరేసింది. ఆ చిన్నమ్మే శంకరమ్మ. అన్నం తినుడు మరిచిపోయి విన్నడు రాజనర్సు. ఇట్లాంటి గొంతును ఇడిచిపెడితే నా అంత బేకార్ మనిషి ఉండడు అనుకొని, బీడీల గల్లీకి ఆమె మొగని పేరు చెప్పి ఇల్లు వెతుక్కుంట వచ్చి మరీ తోలుకచ్చిండు.

"ఎవరి మీద పాడాలయ్యా?" అని అడిగింది శంకరమ్మ.

"ఎవరి మీద ఎందుకక్కా? ఉట్టిగనే పాడు."

"ఉట్టిగ ఎట్ల పాడుతరు? ఎదురుంగ మగపెండ్లోడు కూసోవాలె. సిగ్గుపడాలె. మీసం గోక్కోవాలె. వాని మొఖం చూసుకుంట గద నేను మాట కట్టేది!"

అయినా పెద్దమనిషి మాట తీసేయొద్దని ఎత్తుకున్నది. 'పెద్దమనిషి వచ్చిండే' అనేదాక మంచిగనే వచ్చింది. ఆ తర్వాత పేరు రావాలె. పేరు లేదు. పాట అక్కడ్నే మొండి ఎద్దు లెక్క ఆగింది. ఇంకోపాలి ఎత్తుకున్నది, మళ్ల అక్కడ్నే ఆగింది. డప్పు ఆయన దరువు కూడ ఆగింది. వంత పాడతందుకు వెంబడి వచ్చిన పక్కింటి నాగవ్వ కొంగు నోట్ల కుక్కుకొని కిందమీద నవ్వుడు పెట్టింది.

రాజనర్సు తల పట్టుకొని అటు ఇటు చూసిండు. మిషిన్ల మీటలు తిప్పుకుంట కూసున్న తుకారాం కనబడ్డడు. తుకారాం బక్కపలచటి మనిషి, నోట్లె నాలిక లేనోడు. వాన్ని లేపి, అర్రలకు తీసుకపోయి, భుజం మీద కొత్త తువాల కప్పి, నొసట బొట్టు పెట్టి, స్టూలు మీద కూసోబెట్టిండు.

"ఇగో, వీడే నీ మగపెండ్లోడు. దంచు."

శంకరమ్మ తుకారాంను కింది నుంచి మీది దాక చూసింది. తుకారాం చెయ్యి దానంతట అదే మీసం మీదికి పోయింది. అంతే, ఆమె గొంతు లేచింది.

"పెద్దమనిషి వచ్చిండే, తుకారాము వచ్చిండే
పెరుగు గిన్నె చూడంగనే మీసం తడుపుకున్నడే
ఎత్తుకున్న ముద్దకేమో ఎముకలంత కదిలెనే
ఎత్తిపెట్టుకున్నడేమొ ఇంటికాడి ఆకలి"

రాజనర్సు తానే మీట నొక్కి మొత్తం పట్టిండు. పాట మీద పాట, అన్నీ పాపం తుకారాం మీదనే. ఆఖరికి వాడు చెమటలు తుడుసుకుంట, "అవ్వా, మా ఆడోళ్లు వింటే నా ఇజ్జత్ పోతది," అని బతిలాడిండు. శంకరమ్మకు జాలేసింది గని పాట ఆగలె. రాజనర్సు ఖుషీల ఒక చీర పెట్టి, రిక్షా ఎక్కించి పంపిండు. ఇంటికి పొయ్యేదాక ఆమె కాళ్లు భూమ్మీద లెవ్వు.

కేసెట్ వచ్చిందని తెలిసిన నాడు శంకరమ్మ బీడీలు చుట్టుడు చాలిచ్చి, చాట మూలకు పెట్టి, ఆ కొత్త చీరనే కట్టుకొని నాగవ్వతోని దుకాణానికి పోయింది. దారిల కనబడ్డోళ్లందరికీ చెప్పింది. కార్ఖాన మున్షీకి చెప్పింది, పిండిగిర్నీ ఆయనకు చెప్పింది, అడగని వాళ్లను నిలబెట్టి మరీ చెప్పింది.

దుకాణం ముందల కేసెట్లు గోపురం లెక్క పేర్చి ఉన్నయి. మీద 'కొత్త రిలీజు' అని ఎర్ర కాగితం. ప్రతి డబ్బ మీద ఒక పడుచుపిల్ల బొమ్మ. నడుము మీద కుండ, చెవులకు జుంకాలు, మెడ ఒక పక్కకు వంచి నవ్వుతున్నది.

"ఎవరే ఈ పోరి?" అన్నది శంకరమ్మ.

నాగవ్వ ఐదో తరగతి దాక చదివింది. వేలు పెట్టుకుంట చదివింది. "పరాచికాల పెండ్లి. పాడినవారు, కుమారి మధులిక, బృందం."

శంకరమ్మకు ముందుగాల అర్థం కాలె. "మంచిగ చూడు. నా పేరు యాడున్నది?"

నాగవ్వ డబ్బను ఇటు తిప్పింది, అటు తిప్పింది, తెరిచి లోపలి కాగితం కూడ చూసింది. "లేదు వదినా."

అప్పుడే గల్లా మీది నుంచి రాజనర్సు, "రా అక్కా రా! చాయ్ తాగుతవా? కేసెట్ మస్తు పోతున్నది. బోధన్ దిక్కు నుంచి మళ్ల ఆర్డర్ వచ్చింది," అని లేచి వచ్చిండు.

"పాట నాది గద. ఈ పోరి ఎవరు?"

"అదా!" నవ్విండు రాజనర్సు. "ఏం లేదక్కా. పాటలన్నీ కేసెట్ల పట్టకపోతే తుకారాం టేపును జరంత ఉరికిచ్చిండు. ఉరికిస్తే గొంతు సన్నగైతది. వింటే అచ్చం పదారేండ్ల పిల్ల పాడినట్టున్నది. మరి అసొంటి గొంతుకు అసొంటి బొమ్మ లేకుంటే జనం కొంటరా? క్యాలెండర్ల నుంచి తీసినం. బొమ్మకు పేరుండాలె గద, నేనే పెట్టిన. మంచిగ లేదా?"

"మరి నా పేరు?"

"బృందం అని రాసినం గదక్కా. అండ్ల నువ్వున్నవు."

"బృందం అంటె?" అని నాగవ్వను అడిగింది.

"మనమంతా అన్నట్టు వదినా. నువ్వు, నేను, డప్పు ఆయన."

చీర పెట్టిండు, చాయ్ ఇస్తుండు, అక్కా అక్కా అని మర్యాదగనే మాట్లాడుతుండు. కోపం చేద్దామంటే శంకరమ్మకు పట్టుకొనే కాడ దొరుకుతలేదు. మధులిక మాత్రం డబ్బ డబ్బకు మెడ వంచి నవ్వుతున్నది. శంకరమ్మ చాయ్ తాగకుంటనే దుకాణం మెట్లు దిగింది.

తెల్లారి బీడీల కాడ పంచాయితి మొదలైంది. వాకిట్ల కూసొని తునికాకు కత్తిరిస్తున్న ఆడోళ్లకు నాగవ్వ టేపురికార్డర్ల కేసెట్ పెట్టి వినిపిచ్చింది. అందరు కత్తెరలు ఆపి చెవులు రిక్కించిండ్రు.

"మంచిగున్నది గని ఇది నీ గొంతు కాదు," అన్నది ఒకామె తేల్చి.

"నాదేనే! మిషిన్ల ఉరికిచ్చిండ్రు."

"గొంతును ఉరికిచ్చుడేందమ్మా, అదేమన్న గుర్రమా?"

అందరు నవ్విండ్రు. నాగవ్వ ఒట్టేసి చెప్పినా నమ్మలె. శంకరమ్మ ఆకుల తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేటప్పుడు ఎంత గట్టిగ గుంజిందంటే బీడీ నడుమకు విరిగింది. పాడి వినిపిస్తా అని అక్కడికక్కడ ఎత్తుకున్నది. ఆ పక్క టేపుల మధులిక సన్నగ పాడుతున్నది, ఈ పక్క శంకరమ్మ నిండుగ పాడుతున్నది. రెండు పక్కపక్కన పెట్టి వింటే నిజంగనే రెండు గొంతులు. తన పాటతోని పోటీ పడి తానే ఓడిపోవుడు ఏడనన్న ఉంటదా? ఆమెకు అదే అయింది.

మాపటికి మొగడు భూమన్న పాన్ డబ్బ కట్టేసి వచ్చినంక ఆయనకు చెప్పుకున్నది. భూమన్న కేసెట్‌ను ఆసాంతం విన్నడు. కాళ్లు చాపుకొని, కండ్లు మూసుకొని, తల ఊపుకుంట విన్నడు.

"ఏమే, నిజం చెప్పాల్నా?" అన్నడు. "నీది ఇంత తియ్యగుండదు."

"ఇన్నేండ్ల సంది వింటున్నవు. నా గొంతు నీకు తెలుస్తలేదా?"

"నీ గొంతు నాకు తెల్వదా? పొద్దుగాల లేస్తే మాపటి దాక నా మీదనే గద అది!"

ఆ మాట ఆయన నవ్వులాటకే అన్నడు. శంకరమ్మ మాత్రం ఆ రోజు అన్నం పెట్టి కూర మరిచిపోయింది. మరిచిపోయిందో, కావాల్నని పెట్టలేదో, అడిగే ధైర్యం భూమన్న చెయ్యలె. పచ్చడితోని తిని లేచిండు.

పైసల సంగతి కాదు ఆమె బాధ. ఎవరింట్ల పెండ్లయినా పిలిస్తే పోయి పాడి వచ్చే మనిషి, ఎన్నడు ఎవల్ని ఏం అడగలె. కానీ పాట విన్నోళ్లు ఆమె దిక్కే చూసేటోళ్లు, పక్కోళ్లకు మోచెయ్యితోని పొడిచి ఆమెనే చూపెట్టేటోళ్లు. ఇప్పుడు అందరు డబ్బ మీది పోరి దిక్కు చూస్తుండ్రు. నాగవ్వ గాక, పాడింది నువ్వే అని ఇంకొక్కరన్న అంటే చాలు. ఆ ఒక్కరే దొరుకుతలేరు.

వర్నిల ఆ పిల్ల పెండ్లి నాడు మొగడు పెండ్లాలు బోధన్ మీదుంగ పొయ్యే బస్సు ఎక్కిండ్రు. ఫ్యాక్టరీకి పొయ్యే చెరుకు ట్రాక్టర్లు రోడ్డు నిండ బారులు తీరి ఉన్నయి. బస్సు ముందలి ట్రాక్టర్ల టేపు మోగుతున్నది. 'పెద్దమనిషి వచ్చిండే, తుకారాము వచ్చిండే.' ట్రాక్టర్ ఆయన స్టీరింగ్ మీద దరువేసుకుంట వంత పాడుతుండు.

"ఏం పాడిందిరా మధులిక!" అన్నడు బస్సుల ఒక పెద్దమనిషి. "పెండ్లి అయిందో లేదో పిల్లకు."

"కుమారి అని రాసిండ్రు గద, కానట్టే," అన్నడు ఇంకొకడు.

"మంచిగ పాడింది పిల్ల," అని భూమన్న కూడ అన్నడు, నోరు ఊకోక.

శంకరమ్మ ఆయన తొడ మీద పట్టి గిల్లింది. వర్ని దాక భూమన్న మళ్ల నోరు తెరువలె.

పెండ్లి మంచిగనే జరిగింది. తలంబ్రాలు పడ్డయి, మగపెండ్లోళ్లు బువ్వ బంతికి కూసున్నరు. భూమన్న పప్పు బకెట్ పట్టుకొని వడ్డిస్తుండు. ఈ బంతిలనే ఆడపిల్లోళ్లు పాటతోని మగపెండ్లోళ్లను ఎక్కిరించాలె. పాట మీదికొచ్చినోడు కోపం చెయ్యొద్దు, లేచి పోవద్దు. పాడినామె అడిగింది ఇచ్చేదాక ముద్ద ముట్టద్దు. అదీ ఆనవాయితీ.

ఆ సమయానికి రాజనర్సు లేచి, జేబుల నుంచి కేసెట్ తీసి, మైకు సెట్టు ఆయన చేతుల పెట్టిండు. "పెట్టు తమ్మీ. మన సొంత కంపెనీ. పాడే బాధ లేదు ఎవలకు," అని గర్వంగ బంతి దిక్కు చూసి మళ్ల కూసున్నడు. పందిరి మీది మైకు డబ్బాలల్ల నుంచి మధులిక గొంతు ఊరంత మోగింది. తుకారాం మీసం తడుపుకున్నడు, తుకారాం ముద్ద ఎత్తుకున్నడు, తుకారాం ఎముకలు కదిలినయి.

బంతిల కూసున్న గంగుబాయి విస్తరి మీది నుంచి చెయ్యి వెనక్కు తీసుకున్నది. గంగుబాయి పెండ్లిపిల్లగాని మేనత్త. భారీ మనిషి.

"అగ్గ బాయీ! ఎవడీ తుకారాం?" అన్నది మరాఠీ యాసల.

పక్కోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. మగపెండ్లోళ్లల్ల తుకారాం అనేటోడు లేడు.

"మమ్మల్ని పెండ్లికి పిలిచి వేరేటోన్ని ఎక్కిరిస్తరా? నేను మేనత్తను. నన్ను ఒక్క మాట అన్నరా? నా నడక బాగలేదన్నరా, నా మెడల గుండ్లు సూసి ఏమన్న అన్నరా? మేమంటే ఇంత తేలికనా మీకు?" గంగుబాయి విస్తరిని ముందుకు తోసింది. "నేను ముద్ద ముట్ట!"

ఆమె ముట్టకపోతే పక్కామె ముట్టలె. బంతి బంతంత చేతులు వెనక్కు తీసుకున్నది. పిల్ల తండ్రి కాశయ్య గాడిపొయ్యి కాడున్న తమ్ముని పెండ్లాం శంకరమ్మ కాడికి ఉరుక్కుంట పోయిండు.

"ఏం బిడ్డా, నువ్వుండంగ గిట్ల అవుతదా? లేచి రెండు పాటలు పాడు."

"నేనెందుకు బావా? మధులికను పిలుచుకోండ్రి," అన్నది శంకరమ్మ, పూరీలు లెక్కపెట్టే ఆమె పక్కన నిమ్మళంగ కూసొని.

"ఏ మధులిక?"

"గదే, కుండ పట్టుకున్న పోరి."

కాశయ్యకు ఒక్క ముక్క సమజ్ కాలె. తువాల తీసి రెండు చేతుల పట్టుకున్నడు. "నీ బిడ్డ అసొంటి పిల్ల పెండ్లి అమ్మా ఇది," అన్నడు. ఆ ముసలాయన కండ్లల్ల నీళ్లు చూసింది శంకరమ్మ. కొంగు నడుముకు చెక్కుకొని లేచింది. పోంగ పోంగ టేపు బటన్ తానే వొత్తి ఆర్పి, మైకు కట్టె ముందల నిలవడ్డది.

"మేనత్త వచ్చిందే, గంగుబాయి వచ్చిందే
బోధన్ చెరుకు బండి లెక్క ఊగుకుంట వచ్చిందే
పందిరి గుంజ కాడ ఆగి పక్కకు జరగమన్నదే
గుంజ పక్కకు జరిగినాక గాని దారి పట్టదే"

గంగుబాయి మొఖం విచ్చుకున్నది. ముందుగాల పెదవి బిగబట్టింది, తర్వాత భుజాలు కదిలినయి, ఆఖరికి పగలబడి నవ్వింది. "సూసిండ్రా? నన్నే అంటున్నది!" అని పక్కోళ్లకు చూపెట్టుకున్నది. శంకరమ్మ గాజులు అడిగితే అక్కడ్నే చేతివి తీసి ఇచ్చి, కడుపు నిండ తిననీకి ముందుకు వంగింది.

అప్పుడు బంతి చివర కూసున్న ఒక పిల్లగాడు అన్నడు, "అక్కా, గొంతు లావుగున్నది గని బాణీ అచ్చం కేసెట్ల మధులికదే! కేసెట్ విని నేర్చుకున్నవా?"

"ఔ, అదే అనుకుంటున్న. మంచిగ పట్టింది," అన్నరు ఇంకొందరు.

శంకరమ్మ రాజనర్సు దిక్కు చూసింది. రాజనర్సు విన్నడు. వినలేదనడానికి లేదు, ఆ మాట ఆయన చెవి పక్కనే అన్నరు. ఇప్పుడన్న నోరు తెరుస్తడేమో అని ఆమె ఆగింది. ఆయన తల వంచి పప్పుల మిరపకాయ వెతుక్కుంటుండు.

శంకరమ్మకు ఎక్కడి నుంచి వచ్చిందో, ఇన్ని రోజులు పట్టుకోవడానికి దొరకని కోపం ఒక్కసారే చేతికి దొరికింది. మైకు కట్టెను జరుపుకుంట పోయి రాజనర్సు విస్తరి ముందల నిలవడ్డది.

"మేనమామ వచ్చిండే, రాజనర్సు వచ్చిండే
డబ్బల పాట పెట్టుకోని డాబుసరిగ వచ్చిండే
పాడిన గొంతొకరిదే, పైన మొఖం ఒకరిదే
కూర ఒకరు వండిరే, పేరు ఒకరు పొందిరే
అడగరమ్మ అడగరే, ఆ పిల్ల ఎవరని అడగరే
క్యాలెండర్ల పుట్టెనంట, క్యాలెండర్ల పెరిగెనంట"

పందిరంత ఒక్కపెట్టున నవ్వింది. అర్థమైనోళ్లు నవ్విండ్రు, కానోళ్లు అర్థమైనోళ్లను చూసి నవ్విండ్రు. రాజనర్సు మొఖం ఎర్రగైంది, అయినా కోపం చెయ్యరాదు. ముద్ద చేతులనే ఉన్నది, నోట్లెకు పోరాదు.

"ఏం గావాలక్కా? చీర పెడుత."

"ఉన్నది."

"పట్టుచీర!"

"వద్దు."

"ఇత్తడి బిందె పంపిస్త ఇంటికి."

"నాకేం వద్దయ్యా. ఇగో మైకు. నీ కేసెట్ల పాడింది ఎవరో పేరు చెప్పు. పాట దించుత, అన్నం తిను."

రాజనర్సు చుట్టు చూసిండు. గంగుబాయి నములుడు ఆపి, "సెప్పు తమ్మీ, ఆకలైతున్నది అందరికి," అన్నది. ఇగ తప్పదని ఎడమచేత్తోని మైకు దగ్గరికి గుంజుకొని, గొంతు సవరించుకున్నడు.

"అందరికి నమస్కారం. మా కంపెనీ పరాచికాల పెండ్లి కేసెట్ల పాడింది కుమారి మధులిక కాదు. ఈ అక్కనే." శంకరమ్మ దిక్కు చెయ్యి చూపెట్టిండు. "ఈ... మన..."

ఆగిండు. మైకుల బుర్రుమని చప్పుడు తప్ప ఏం లేదు.

శంకరమ్మ ఆయన మొఖంలకు చూసింది. తెలిసి దాస్తుండా అని చూసింది. దాస్తలేడు. నొసట చెమట పట్టింది, పెదవులు కదులుతున్నయి, మాట రాలె. ఇల్లు వెతుక్కుంట వచ్చిండు, రిక్షా ఎక్కించిండు, అక్కా అని నోరారా పిలిచిండు, దినమంత కూసోబెట్టి పాడిచ్చుకున్నడు. పేరు అడగలె. పేరు తీసేసిండని ఇన్ని దినాలు ఏడ్చింది గని, తీసేయనీకి ఆయన కాడ పేరే లేదు.

"నాకు... అక్క పేరు తెలువదు," అన్నడు రాజనర్సు. పాపం, అది కూడ మైకులనే అన్నడు. ఊరంత విన్నది.

ఎవ్వరు నవ్వలె.

"నువ్వే చెప్పక్కా," అన్నడు చిన్నగ.

శంకరమ్మ తల అడ్డంగ ఊపింది. నోరు తెరిస్తే ఏడుపు వచ్చేటట్టున్నది. అంతమందిల ఏడ్వడం ఇష్టం లేదు. ఎందుకు అడిగిన్నా అనుకున్నది.

బంతి నడుమ బకెట్ కింద పెట్టిన చప్పుడైంది. భూమన్న. చేతుల గంటె అట్లనే ఉన్నది, పప్పు కారుతున్నది. పెండ్లయి ఇంటికొచ్చిన నాడు అక్కచెల్లెండ్లు దర్వాజకు అడ్డం నిలవడి, పేరు చెప్తేనే లోపలికి అంటే చెప్పిండు గని, మళ్ల ఇన్నేండ్లల్ల పెండ్లాం పేరు ఆయన నోట్లెకు వెళ్లలె. ఏమే అంటడు, ఓయ్ అంటడు. బయటోళ్ల ముందల ఇంట్లామె అంటడు. విస్తర్లు దాటుకుంట, ఒకామె నీళ్ల గిలాస తన్నుకుంట మైకు దాక వచ్చిండు. ఆయన చెవులు ఎర్రగైనయి.

"శంకరమ్మ," అన్నడు.

మైకు అందలె. పక్కనున్న వాళ్లకే వినబడ్డది. రాజనర్సు ఎంగిలి చెయ్యి మరిచిపోయి మైకును ఆయన నోటి కాడికి వంచిండు.

"శంకరమ్మ! కేసెట్ల గొంతు ఈమెదే. నేను కూడ కాదన్న. నాది తప్పే," అన్నడు భూమన్న ఒక్క ఊపున.

పందిరి మీది డబ్బాలు ఆ పేరును పట్టుకపోయి వర్ని కాలువ దాక వినిపించినయి. గాడిపొయ్యి కాడి ఆడోళ్లు గంటెలు పట్టుకొని బయటికి వచ్చిండ్రు. కొంగు అడ్డం పెట్టుకున్న శంకరమ్మ భుజాలు కదులుతున్నయి. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో బంతోళ్లకు తెలువలె, ఆమెకు కూడ తెలువలె.

"ఇగ దించమ్మా పాట," అని బతిలాడిండు రాజనర్సు. "పేరు చెప్పినం గద. అన్నం చల్లారుతున్నది."

శంకరమ్మ కొంగు తీసి ముక్కు తుడుసుకున్నది. ఆయన దిక్కు చూడలె, మొగని దిక్కు చూసింది.

"నాకు సక్కగ వినబడలె," అన్నది. "ఇంకోపాలి అను."